బేస్ నెత్తి మీదుగానే దాటిపోయిన బి-24: ఆ 330 డిగ్రీల దగ్గర ఏం జరిగింది?

పాత_మ్యాపు:
మధ్యధరా యుద్ధరంగంలో శత్రువు కాల్చకుండానే పోయిన విమానాలు చాలా ఉన్నాయి. మనం కూర్చుని లెక్క వేసుకోవడానికి సరిపడా అంకెలు దొరికేది మాత్రం, నా దృష్టిలో, 'లేడీ బి గుడ్' అనే అమెరికా బాంబర్ విమానం కేసులోనే. పక్క థ్రెడ్‌లో ఎవరో "నావిగేటర్‌కి పని రాదు, అంతే" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. అంత తేలిక వ్యవహారం కాదు కాబట్టి ఇక్కడ విడిగా మొదలుపెడుతున్నా.

తెలిసిన సంగతులు ఇవి. 1943 ఏప్రిల్ 4, ఆదివారం. లిబియాలో బెంఘాజీకి దక్షిణాన ఉన్న సొలూక్ రన్‌వే. అమెరికా 376వ బాంబర్ గ్రూపు నుంచి 25 బి-24 బాంబర్లు రెండు జట్లుగా నేపుల్స్ రేవు మీదికి బయలుదేరాయి. మన విమానం నంబరు 41-24301, బి-24డి రకం, గ్రూపుకి చేరి పది రోజులు. తొమ్మిది మంది సిబ్బందికి కలిసి వెళ్ళిన మొదటి యుద్ధయాత్ర అదే. పైలట్ లెఫ్టినెంట్ హాటన్, కో పైలట్ టోనర్, నావిగేటర్ హేస్.

రన్‌వే మీద ఇసుక గాలి. రెండో జట్టులోని 13 విమానాల్లో తొమ్మిదింటికి ఇంజన్లలో ఇసుక పడి, అవి మధ్యలోనే వెనక్కి తిరిగాయి. మిగిలిన నాలుగూ నేపుల్స్ చేరేసరికి పొద్దు గూకింది, లక్ష్యం కనబడలేదు. రెండు వేరే లక్ష్యం మీద బాంబులు వేశాయి, రెండు సముద్రంలో పారేశాయి. తర్వాత ఎవరి దారిన వాళ్ళు తిరుగు ప్రయాణం.

రాత్రి 12:12కి హాటన్ రేడియోలో బెంఘాజీ దగ్గరి బెనినా స్టేషన్‌ని పిలిచి, తన ఆటోమేటిక్ దిక్సూచి రేడియో పనిచేయడం లేదని, తాము ఎక్కడున్నదీ చెప్పమని అడిగాడు. "బెనినా నుంచి చూస్తే మీరు 330 డిగ్రీల దిశలో ఉన్నారు" అని జవాబు. రెండు గంటల ప్రాంతంలో ఇంధనం అయిపోయి అందరూ దూకేశారు. తీరానికి వందల కి.మీ. లోపల, ఎడారిలో.

ప్రశ్న ఒక్కటే: 330 అంటే వాయవ్యం, అంటే సముద్రం మీద. మరి వాళ్ళు ఆగ్నేయంలో ఎలా తేలారు?

రేడియో_బాబాయ్:
ఇంట్లో పాత ట్రాన్సిస్టర్ ఉంటే ఇప్పుడే చేసి చూడొచ్చు. మీడియం వేవ్‌లో ఏదైనా స్టేషన్ పెట్టండి, విజయవాడ 837 గానీ హైదరాబాద్ 738 గానీ, మీకు వచ్చేది. సెట్టుని బల్ల మీద పెట్టి నెమ్మదిగా చుట్టూ తిప్పండి. లోపల పెన్సిల్ లావున నల్లటి ఫెరైట్ కడ్డీ, దాని మీద రాగి తీగ చుట్ట ఉంటుంది. కడ్డీ కొన స్టేషన్ వైపు చూసినప్పుడు శబ్దం దాదాపు చచ్చిపోతుంది. ఆ చోటు చాలా సన్నం, రెండు మూడు డిగ్రీలు జరిగితే మళ్ళీ వినబడుతుంది. అందుకే దిశ పట్టేవాళ్ళు ఎక్కువ వినబడే చోటుని కాక, శబ్దం పడిపోయే చోటునే వెతుకుతారు.

ఇప్పుడు సెట్టుని సరిగ్గా అటుదిటు తిప్పేయండి. మళ్ళీ చచ్చిపోతుంది. కడ్డీకి రెండు కొనలున్నాయి కదా, స్టేషన్ ఏ కొన వైపుందో సెట్టు చెప్పలేదు. చుట్ట యాంటెన్నా ఇచ్చేది ఒక గీత మాత్రమే, బాణం కాదు.

బెనినాలో ఉన్నది ఈ జాతిదే. 330 అని చదివితే విమానం 330లోనైనా ఉండాలి, 150లోనైనా ఉండాలి. ఆపరేటర్‌కి వినబడింది ఒకే గీత.

కొత్త_పైలట్99:
బాబాయ్ గారూ, అప్పటికే సెన్స్ యాంటెన్నా ఉంది కదా? 180 డిగ్రీల గొడవ తీరిపోవాలి కదా?

రేడియో_బాబాయ్:
పద్ధతి ఉంది నాన్నా, ఆ ఊళ్ళో ఆ సెట్టుకి ఉండాలి కదా. సెన్స్ అంటే పక్కన ఒక నిలువు తీగ. దానికి అన్ని దిక్కులూ ఒకటే. చుట్ట నుంచి వచ్చేదాన్నీ, నిలువు తీగ నుంచి వచ్చేదాన్నీ కలిపితే ఒక పక్క రెండూ కూడి బలం పెరుగుతుంది, రెండో పక్క ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. హృదయాకారం గీసినట్టు వస్తుంది. రెండింటి బలం సరిగ్గా సమానంగా సర్దకపోతే మాత్రం తేడా తెలియదు. విమానంలోని ఆటోమేటిక్ సెట్టు ఈ పని తనంతట తనే చేస్తుంది. హాటన్ పనిచేయడం లేదన్నది సరిగ్గా దాన్నే.

ఇంకో తలనొప్పి రాత్రి. పొద్దుపోయాక ఆకాశం నుంచి తిరిగొచ్చే తరంగం కలిసి, శబ్దం పడిపోయే చోటు మసకబారి అటూ ఇటూ ఊగుతుంది. దీనికి మందు ఆడ్‌కాక్ యాంటెన్నా, నాలుగు నిలువు స్తంభాలది. అది ఉన్నా ఎటువైపు అన్న ప్రశ్నకి విడిగా సెన్స్ కావాలి.

పాత_మ్యాపు:
అసలు మెలిక ఇక్కడుంది, మ్యాపు ముందు పెట్టుకుంటే గానీ తట్టదు.

నేపుల్స్ నుంచి సొలూక్‌కి గీత గీయండి. దూరం సుమారు 1,150 కి.మీ., దిశ 152 డిగ్రీల దగ్గర. అంటే మామూలుగా, తప్పేమీ జరగకుండా ఇంటికొస్తున్న విమానం బెనినాకి ఏ దిక్కున కనబడాలి? 330 దగ్గరే! ఆపరేటర్ చెవికి వచ్చిన అంకె అతను ఎదురుచూస్తున్న అంకే. 70 అనో 240 అనో వచ్చి ఉంటే ఎవరైనా ఉలిక్కిపడేవాళ్ళు.

ఇప్పుడు విమానం దొరికిన చోటు: 26 డిగ్రీల 43 నిమిషాల ఉత్తరం, 24 డిగ్రీల 1 నిమిషం తూర్పు. సొలూక్ నుంచి అక్కడికి గీస్తే 146 డిగ్రీలు, 660 కి.మీ. వచ్చిన దారిని స్కేలు పెట్టి అలాగే పొడిగించినట్టుంది. వాళ్ళు దారి తప్పలేదండీ, సరైన దారిలోనే ఆగకుండా వెళ్ళిపోయారు.

నాలుగో_ఇంజన్:
గంటల లెక్క కూడా వేద్దాం, గీత కంటే అదే బలమైన సాక్ష్యం.

దూకింది 2:00 అనుకుందాం. మనుషులు దూకాక విమానం ఇంకో 26 కి.మీ. తనంతట తనే వెళ్ళింది. అంటే దూకిన చోటు సొలూక్‌కి 635 కి.మీ. అవతల. రేడియోలో పిలిచింది 12:12. మధ్యలో 1 గంట 48 నిమిషాలు.

నేల మీద వేగం గంటకి 320 కి.మీ. అనుకుంటే 575 కి.మీ. 635లోంచి తీసేస్తే 60. పిలిచేటప్పటికే సొలూక్ దాటి 60 కి.మీ. వెళ్ళిపోయారు. బెనినా సొలూక్‌కి ఉత్తరాన 50 కి.మీ. దాకా ఉంటుంది, కాబట్టి బెనినా దాటి 110.
వేగం 290 అయితే 520 వస్తుంది, సొలూక్ దాటి 115.
350 అయితే 630. సరిగ్గా సొలూక్ నెత్తి మీద.

పిలిచినప్పుడు బెనినాకి ఉత్తరాన ఉండాలంటే వేగం 380 దాటాలి. పొదుపుగా నడిపే బి-24కి అంత రావాలంటే వెనక నుంచి గాలి గట్టిగా తోయాలి.

కొత్త_పైలట్99:
2:00 అన్నది కో పైలట్ టోనర్ డైరీలోది కదా, గడియారం చూసి రాసిందో అంచనాయో ఎవరికి తెలుసు? అదే డైరీలో 28 విమానాలు అని కూడా ఉంది. రికార్డులో 25.

నాలుగో_ఇంజన్:
మంచి పట్టు పట్టారు. ఇంధనంతో సరిచూద్దాం. బి-24డి రెక్కల్లో ప్రధాన ట్యాంకులకి సుమారు 2,350 అమెరికా గ్యాలన్లు. నాలుగు ఆర్-1830 ఇంజన్లూ కలిపి క్రూజ్‌లో గంటకి 200 దాకా తాగుతాయి. టేకాఫ్‌కీ, పైకెక్కడానికీ అదనంగా పోయింది పక్కన పెడితే 11 గంటల పైచిలుకు. మధ్యాహ్నం మూడు ప్రాంతంలో లేచింది, 11 కలిపితే రాత్రి రెండు. కాబట్టి డైరీ గంట మరీ తప్పు కాదు. పావుగంట అటూ ఇటూ వేసుకోండి, 80 కి.మీ. తేడా వస్తుంది. అయినా కాల్ చేసేసరికి బెనినా దాటేసి ఉండటానికే అవకాశం ఎక్కువ.

గోదారి_గట్టు:
తప్పు బెనినా ఆపరేటర్‌దే అనిపిస్తోంది. రెండు వైపులా ఉండొచ్చని ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది.

రేడియో_బాబాయ్:
అతని మీదికి మొత్తం తోసెయ్యలేం. ఒక చిన్న సంగతి చూడండి. దిశ చెప్పే అంకెకి రెండు అర్థాలున్నాయి. "మా దగ్గర్నుంచి నువ్వు ఫలానా డిగ్రీల్లో ఉన్నావు" అన్నది ఒకటి, "మా దగ్గరికి రావాలంటే ఫలానా డిగ్రీల్లో నడుపు" అన్నది ఇంకోటి. రేడియోలో వాడే మూడక్షరాల సంకేతాల్లో, అంటే క్యూ కోడ్‌లో, మొదటిది క్యూడీఆర్, రెండోది క్యూడీఎం. రెంటికీ తేడా సరిగ్గా 180.

ఇప్పుడు వింత. విమానం నిజంగా ఆగ్నేయంలో ఉంటే, "మా దగ్గరికి రావాలంటే" అన్న అర్థంలో సరైన జవాబు ఎంత? 330! హాటన్ ఆ అంకెని హెడింగ్‌గా తీసుకుని ముక్కు 330కి తిప్పి ఉంటే అరగంటలోపే ఇంటికి చేరేవాడు. కానీ అంకె ఇచ్చింది బెనినా నుంచి అన్న అర్థంలో, తీసుకుందీ అదే అర్థంలో. విమానం దక్షిణానికే సాగింది.

అలాంటప్పుడు రెండు వైపుల్లో ఏదో తేల్చుకోవడానికి అదనపు సామాను అక్కర్లేదు. పద్ధతి ఇది.

గీత 330/150 అని తెలిసింది. దానికి అడ్డంగా, అంటే 060 వైపు, పది నిమిషాలు నడపండి. 300 వేగంతో 50 కి.మీ. వెళ్తారు. మళ్ళీ పిలిచి దిశ అడగండి.

మీరు నిజంగా వాయవ్యంలో ఉంటే, ఈశాన్యానికి జరిగారు కాబట్టి అంకె పెరుగుతుంది: 330 కాస్తా 340, 350 అవుతుంది. ఆగ్నేయంలో ఉంటే అదే కదలికకి 150 కాస్తా 140 అవుతుంది, ఆపరేటర్ తన అలవాటు ప్రకారం దాన్ని 320 అని చదువుతాడు. పెరిగితే ఉత్తరం, తగ్గితే దక్షిణం. అంతే.

ఇందులోనే దూరం కూడా వచ్చేస్తుంది. 50 కి.మీ. అడ్డంగా జరిగితే అంకె 9, 10 డిగ్రీలు మారిందంటే స్టేషన్ 300 కి.మీ. దూరంలో ఉంది. 26 డిగ్రీలు మారిందంటే వంద కి.మీ. మన లెక్క ప్రకారం వాళ్ళు వంద దగ్గరే ఉన్నారు. ఒక్క పది నిమిషాల్లో అంకె 330 నుంచి 305 దాకా పడిపోయేది. రాత్రి పూట ఎంత ఊగినా, అంత పెద్ద తేడా దాగదు.

ఖర్చు? పోనూ రానూ ఇరవై నిమిషాలు, 70 గ్యాలన్లలోపే.

కొత్త_పైలట్99:
మరి ఎందుకు చేయలేదు?

నాలుగో_ఇంజన్:
ఇంధనం తక్కువున్నవాడికి ఇంటి దారికి అడ్డంగా తిరగమంటే చేయి రాదు. పైగా వాళ్ళ చేతిలో ఉన్న జవాబు వాళ్ళకి నచ్చిన జవాబే. నేపుల్స్ దగ్గర 7:50 ప్రాంతంలో తిరిగారనుకుంటే 300 వేగంతో 11:40కి సొలూక్ రావాలి. 12:12 అయినా కనబడలేదు. రెండు రకాలుగా అనుమానించొచ్చు: ఎదురుగాలి వల్ల ఆలస్యమైందనీ అనుకోవచ్చు, దాటేశామనీ అనుకోవచ్చు. 330 అన్న మాట మొదటిదానికి ముద్ర వేసింది. ఆ మాట రాకపోయి ఉంటే, గడియారం చూసైనా వెనక్కి తిరిగేవాళ్ళేమో అనిపిస్తుంది నాకు.

గోదారి_గట్టు:
కిందికి చూస్తే సముద్రమో నేలో తెలియదా? తీరం దాటేటప్పుడైనా?

పాత_మ్యాపు:
పంచాంగం తీయండి. 1943లో ఉగాది ఏప్రిల్ 5 దగ్గర వస్తుంది. ఆ రాత్రి ఉగాది ముందరి అమావాస్య. చంద్రుడు లేడు. యుద్ధం కాబట్టి తీరంలో దీపాలు లేవు. కింద మబ్బు ఉంటే తీరం గీత కూడా మూసుకుపోతుంది. పైనుంచి చూస్తే నల్లటి నీళ్ళకీ నల్లటి ఇసుకకీ తేడా ఏముంటుంది. బేస్‌లో విమానం మోత విని ఆకాశంలోకి వెలుగు గుళ్ళు పేల్చారు, అవీ వాళ్ళకి కనబడలేదు.

సముద్రం మీదే ఉన్నామని ఎంతగా నమ్మారంటే, అందరూ లైఫ్ జాకెట్లు వేసుకునే దూకారు. తర్వాత ఎడారిలో నడుస్తూ వాటినీ, పారాచ్యూట్ గుడ్డ ముక్కలనీ వెతికేవాళ్ళ కోసం బాణం గుర్తులుగా రాళ్ళ కింద పెట్టి వెళ్ళారు.

ఇసుక_మేట:
దూకాక జరిగింది ఇంకా పాఠం నేర్పేదే, కాస్త రాస్తాను.

ఎనిమిది మంది పిస్తోళ్ళు, సిగ్నల్ గుళ్ళు పేల్చుకుంటూ చీకట్లో ఒక్కచోట చేరారు. బాంబులు వదిలే బాంబార్డియర్ వొరావ్కా రాలేదు. అతని పారాచ్యూట్ సరిగ్గా తెరుచుకోలేదని 1960లో శవం దొరికాక తెలిసింది. మిగిలినవాళ్ళ దగ్గర ఉన్నది సగం సీసా నీళ్ళు. మనిషికి రోజుకి ఒక మూతెడు. వాయవ్యానికి నడక మొదలెట్టారు.

విమానం 26 కి.మీ. దక్షిణ ఆగ్నేయంలో పొట్ట మీద దిగి ఉంది. మనుషుల బరువు తగ్గి, ఒక్క ఇంజను ఇంకా తిరుగుతూ, ఎవరూ నడపకుండా చదునైన గులకరాతి నేల మీద జారి, రెక్కల వెనక విరిగి ఆగింది. 1959లో మనుషులు లోపలికెళ్ళి చూస్తే నీళ్ళు ఉన్నాయి, తిండి ఉంది, రేడియో పనిచేసింది, మెషిన్ గన్ పేలింది. వాళ్ళు దానికి వీపు పెట్టి నడిచారు.

అయిదు రోజుల్లో దాదాపు 105 కి.మీ. నడిచారు. అక్కడిదాకా గట్టి నేల. ముందు కలాన్షో ఇసుక సముద్రం, దిబ్బ మీద దిబ్బ. అయిదుగురు ఆగిపోయారు. షెల్లీ, రిప్స్‌లింగర్, మూర్ ముందుకెళ్ళారు. షెల్లీ, రిప్స్‌లింగర్ శవాలు ఇంకో 30 కి.మీ.కు పైగా అవతల దొరికాయి. మూర్ అని గుర్తుపట్టగలిగినది ఏదీ దొరకలేదు. డైరీలో చివరి తేదీ ఏప్రిల్ 12.

గోదారి_గట్టు:
అందుకే విమానం వదలకూడదు అంటారు.

ఇసుక_మేట:
వాళ్ళు వదిలింది గాల్లో, అప్పటికి అది ఎక్కడ పడిందో వాళ్ళకి తెలియదు. ఇక ఆ సూత్రం సంగతి: విమానం దగ్గరే కూర్చుంటే బతికేది, వెతికేవాళ్ళు సరైన చోట వెతికితేనే. వీళ్ళ కోసం సముద్రం మీద వెతికారు.

ఎదురు ఉదాహరణ కుఫ్రా. 1942 మే 4న దక్షిణాఫ్రికా 15వ స్క్వాడ్రన్ బ్లెన్‌హైమ్ బాంబర్లు మూడు, 12 మంది, కుఫ్రా ఒయాసిస్ నుంచి ఆ చుట్టుపక్కల పరిచయం చేసుకోవడానికి వెళ్ళాయి. దారి తప్పాయి, ఒక దాని ఇంజను మొరాయించింది, మూడూ ఎడారిలో దిగాయి. అక్కడ నేల మీది దిశ చెప్పే సెట్టు దగ్గర అనుభవం లేనివాళ్ళే. సిబ్బంది విమానాల దగ్గరే ఉన్నారు. నీళ్ళు చాల్లేదు. దిక్సూచిలోని ఆల్కహాల్ తాగారు, ఒంటికి చల్లగా ఉంటుందని మంటలార్పే సీసాల్లోది చల్లుకుంటే చర్మం పుండ్లు పడింది. వారం తర్వాత చేరుకునేసరికి ఒక్కడే ప్రాణాలతో ఉన్నాడు.

కాబట్టి నీళ్ళే మొదటి ప్రశ్న. ఎడారి మీదుగా వెళ్ళే విమానంలో నీళ్ళు విమానానికి కాదు, మనిషికి కట్టి ఉండాలి. లేడీ బి గుడ్‌లో నీళ్ళు విమానంతో పాటే వెళ్ళిపోయాయి.

సరదా_సత్తి:
ఆ విమానం సామాన్లు తీసి బిగించిన వేరే విమానాలు కూడా కూలిపోయాయట కదా, శాపం అంటారు. జిబ్రాల్టర్‌లో పోలండ్ జనరల్ సికోర్స్కీ విమానం కూడా బి-24 రకమే, అదీ కుట్రేనంటారు. వీటి మీద ఏమంటారు?

మోడరేటర్:
శాపాల చర్చ ఇక్కడ వద్దు. సికోర్స్కీ కేసు 1943 జులై 4, లిబరేటర్ ఏఎల్523, టేకాఫ్ అయిన 16 సెకన్లకి సముద్రంలో. పైకీ కిందికీ నడిపే ఎలివేటర్ బిగుసుకుపోయిందన్నది పైలట్ మాట. విచారణ బృందం ఎందుకు బిగుసుకుందో తేల్చలేకపోయింది, విద్రోహం కాదని మాత్రం చెప్పింది. అది దిక్కు తప్పిన కేసు కాదు, యంత్రం కేసు. విడిగా థ్రెడ్ తెరవండి.

కొత్త_పైలట్99:
బాబాయ్ గారూ, మళ్ళీ మీ అడ్డంగా నడిపే పద్ధతికే వస్తున్నా. 060కి బదులు 240 వైపు తిరిగితే? అప్పుడూ పెరిగితే ఉత్తరమేనా?

రేడియో_బాబాయ్:
కాదు, తిరగబడుతుంది. నైరుతికి జరిగితే వాయవ్యంలో ఉన్నవాడికి 330 తగ్గి 320 వైపు వస్తుంది, ఆగ్నేయంలో ఉన్నవాడికి పెరుగుతుంది. అందుకే చీకట్లో, అలసిపోయి ఉన్నప్పుడు బుర్రలో లెక్క పెట్టుకోకూడదు. చార్టు మీద గీతకి రెండు చివర్లా రెండు చుక్కలు పెట్టి, రెండింటి నుంచీ అడ్డంగా బాణాలు గీసి, ఆ తర్వాతే రేడియో మీట నొక్కాలి. ఇంకో మాట, తిరిగే దిక్కు ఎంచుకునే వీలుంటే తీరానికి సమాంతరంగా పోయేది చూసుకోండి. బెంఘాజీ దగ్గరైతే 240 వైపు వెళ్తే సిద్రా అఖాతం మీదికి పోతారు. నేనైతే 060నే తీసుకుంటాను, కింద నేలుండే అవకాశం ఎక్కువ.